మాత్ర బయటికొచ్చింది, మరి మందు?

గత నెల ఈ పేజీలో హైడ్రోజెల్స్ గురించి రాశాను. పేరు కొత్తగా ఉన్నా వస్తువు కొత్తది కాదు. నీళ్ళను పీల్చుకుని, కరిగిపోకుండా మెత్తగా ఉబ్బి, ఆ నీళ్ళను వదలకుండా పట్టుకుని ఉండే వలలాంటి పదార్థమే హైడ్రోజెల్. సబ్జా గింజలు నీళ్ళలో వేస్తే చుట్టూ జారుడు పొర వస్తుంది చూడండి, అదీ ఇలాంటిదే. సముద్రపు నాచు, రొయ్య తొక్కలు, గోరుచిక్కుడు గింజలు, చెట్టు చెక్క లాంటి వాటి నుంచి తీసిన జిగుర్లతో ఆ వల అల్లి, అందులో మందు పెట్టి, ఒంట్లో మెల్లగా వదిలేలా చేస్తారని రాశాను. ఉత్తరాలు చాలా వచ్చాయి. అన్నిటికీ ఇక్కడ చోటు చాలదు కాబట్టి, ఆలస్యం చేస్తే ఇబ్బంది అయ్యేదాన్ని ముందు తీసుకుంటున్నాను.

మా మామగారికి 68 ఏళ్ళు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఎక్స్ఆర్ గోలీ రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటారు. పది రోజుల నుంచి ఆ గోలీ మలంలో అట్లనే తెల్లగా బయటికొస్తోందంట. మందు ఒంటికి పట్టట్లేదేమోనని దంచి, పొడి చేసి, నీళ్ళల్లో కలిపి ఇస్తున్నాం. ఇట్ల ఇవ్వచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

ముందు దంచడం ఆపేయండమ్మా, ఈ రాత్రి నుంచే. కారణం తర్వాత చదువుకోవచ్చు.

బయటికి వస్తున్నది మందు కాదు, మందును మోసుకెళ్ళిన జెల్. ఆ గోలీ చేసేటప్పుడు మెట్‌ఫార్మిన్ పొడిని సెల్యులోజ్ జిగురుతో కలిపి గట్టిగా అదుముతారు. సెల్యులోజ్ అంటే చెక్కలో, పత్తిలో ఉండేదే. దాన్ని రసాయనాలతో కొంచెం మార్చి నీళ్ళలో ఉబ్బేలా చేస్తారు, అట్ట మీద హైప్రోమెలోజ్ అనో హెచ్‌పీఎంసీ అనో కనిపిస్తుంది (సగం సహజం, సగం ఫ్యాక్టరీది అనుకోండి). గోలీ కడుపులో పడగానే పైపొర తడిసి జెల్ అవుతుంది, ఆ జెల్ పొరే లోపలికి నీళ్ళు ఒక్కసారిగా వెళ్ళకుండా అడ్డుపడుతుంది, అందుకని లోపలున్న మందు కొంచెం కొంచెంగా కరిగి ఆ పొరలోంచి బయటికి ఊరుతుంది. మామూలు మెట్‌ఫార్మిన్ వేసుకుంటే రక్తంలో మందు సుమారు 3 గంటల్లో పై స్థాయికి చేరుతుంది, ఎక్స్ఆర్ (మందును మెల్లగా వదిలే రకం) వేసుకుంటే సుమారు 7 గంటలు పడుతుంది. ఆ తేడా తెచ్చేది జిగురే. మందంతా ఊరిపోయాక ఖాళీ జెల్ మిగులుతుంది. మన పేగులు సెల్యులోజ్‌ను అరిగించుకోలేవు కాబట్టి అది ఒక్కోసారి గోలీ ఆకారంలోనే వచ్చేస్తుంది. ఈ మందుతో ఇచ్చే కాగితంలో ఈ సంగతి రాసే ఉంటుంది, కానీ ఆ అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి, పెద్దవాళ్ళు ఎలా చదువుతారు? మందు చేతికిచ్చేటప్పుడే ఈ ఒక్క మాట నోటితో చెప్పాలి. నేను చదువు చెప్పే ఫార్మసీ పిల్లలకు గట్టిగా చెప్పేది ఇదే.

వాళ్ళకి ఇది కళ్ళారా చూపిస్తాను కూడా. గాజు గ్లాసులో గోరువెచ్చటి నీళ్ళు పోసి ఒక ఎక్స్ఆర్ మాత్ర వేస్తాం. పావుగంటకి అంచుల పదును పోయి, చుట్టూ మంచుపట్టిన గాజులాంటి పొర వస్తుంది. గంట తర్వాత రెండు వేళ్ళతో పట్టుకోబోతే చేపపిల్లలా జారిపోతుంది. దాన్ని గుడ్డ మీద పెట్టి బ్లేడుతో సగానికి కోస్తే, చుట్టూ మెత్తటి జెల్, నడిమధ్యన నీటి తడే తగలని తెల్లటి పొడి ముద్ద. గంట నీళ్ళలో నానినా మధ్యలో పొడిగానే ఉందంటే ఆ జెల్ ఎంత కాపలా కాస్తోందో చూడండి.

మీరు దంచినప్పుడు ఆ కాపలా పోతుంది. రాత్రంతా దిగాల్సిన మందు ఒక్కసారే పేగుల్లోకి దిగుతుంది. వికారం, కడుపునొప్పి, విరేచనాలు రావచ్చు, తెల్లవారుజాముకి మందు చాలకపోవచ్చు. మెట్‌ఫార్మిన్ విషయంలో ఇంతవరకే, కొన్ని బీపీ మందులూ నొప్పి మందులూ ఇలా దంచితే ప్రాణం మీదికే వస్తుంది. పేరు చివర ఎక్స్ఆర్, ఎస్ఆర్, ఈఆర్, ఎక్స్ఎల్ అని ఉంటే నమలొద్దు, దంచొద్దు, నీళ్ళలో నానబెట్టొద్దు. సగానికి విరవచ్చా అనేది మందును బట్టి ఉంటుంది, ఫార్మసిస్టుని అడిగే చేయండి. మింగడం కష్టమైతే డాక్టరుగారికి చెప్పండి, మామూలు రకం రాస్తారు. అన్నం తిన్నాకే వేసుకోమనడానికీ కారణం ఉంది: మెట్‌ఫార్మిన్‌ను ఒంటికి పట్టించేది ముఖ్యంగా చిన్నపేగు పైభాగం, కడుపులో తిండి ఉంటే గోలీ కడుపులోనే ఎక్కువసేపు ఆగి మందును కిందికి మెల్లగా వదులుతుంది.

ఇంకా అనుమానంగా ఉంటే, వచ్చినదాన్ని గ్లౌజు వేసుకుని పుల్లతో నొక్కి చూడండి. మెత్తగా నలిగిపోతే ఖాళీ జెల్. రాయిలా గట్టిగా ఉన్నా, విరేచనాలు పట్టుకుని వేసిన కొన్ని గంటలకే వస్తున్నా డాక్టరుగారికి చెప్పండి. ఎట్లాగైనా పరగడుపు షుగర్, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చూస్తే మందు పట్టిందో లేదో తేలిపోతుంది.

మేము శాకాహారులం. క్యాప్సూల్ తొడుగు జంతువులదని విన్నాం. ఈ జెల్ మందులన్నీ అంతేనా?
– ఒక పాఠకుడు, తెనాలి

అన్నీ కాదండీ. మామూలు క్యాప్సూల్ తొడుగు జెలటిన్, అది పశువుల, పందుల చర్మం, ఎముకల నుంచి వస్తుంది. కొల్లాజెన్ కూడా జంతువులదే. పైన చెప్పిన సెల్యులోజ్ మొక్కలది, దాంతో చేసిన శాకాహార క్యాప్సూళ్ళు మార్కెట్లో ఉన్నాయి. ఆల్జినేట్ గోధుమరంగు సముద్రపు నాచుది. ఎసిడిటీకి తాగే కొన్ని సిరప్‌లలో ఉండేది అదే, కడుపులో ఆమ్లం తగలగానే జెల్‌గా మారి పైన తెప్పలా తేలుతుంది, ఆమ్లం గొంతులోకి ఎగదన్నకుండా ఆపుతుంది. గెల్లాన్, జాంథాన్ అనే జిగుర్లు బ్యాక్టీరియాతో పులియబెట్టి తీస్తారు. మోకాళ్ళ జెల్ ఇంజెక్షన్లలో ఉండే హయాలురోనిక్ ఆమ్లం ఒకప్పుడు కోడిపుంజు తలమీది జుట్టు నుంచి తీసేవాళ్ళు, ఇప్పుడు ఎక్కువగా బ్యాక్టీరియా నుంచే. కైటోసాన్ రొయ్య, పీత తొక్కలది.

మీ నియమం డాక్టరుకి, ఆపరేషన్ ఉంటే సర్జన్‌కి ముందే చెప్పండి, చాలా వాటికి మారు మందు ఉంటుంది. సగంలో తెలిసిందని యాంటీబయాటిక్ కోర్సు ఆపేయడం, క్యాప్సూల్ విప్పి పొడి నాలుక మీద వేసుకోవడం మాత్రం చేయొద్దు.

మాది రొయ్యల చెరువుల ఊరు. ప్లాంట్ల దగ్గర తలకాయలూ తొక్కలూ గుట్టలు పడి కంపు కొడుతుంటాయి. వాటితో గాయాలకి మందు చేస్తారని రాశారు. మా చెల్లికి రొయ్య తింటే ఒళ్ళంతా దద్దుర్లు. అలాంటివాళ్ళకి ప్రమాదం కాదా? పైగా అదే కైటోసాన్ బరువు తగ్గడానికి ఆన్‌లైన్లో అమ్ముతున్నారు.
– ఒక పాఠకుడు, భీమవరం దగ్గర

దేశంలో చెరువు రొయ్య ఎక్కువగా పండేది మన ఆంధ్రలోనే కాబట్టి ఈ ప్రశ్న మీ దగ్గర్నుంచి రావడం సంతోషంగా ఉంది. రొయ్య బరువులో తలా తొక్కా కలిపి సుమారు సగం దాకా పోతుంది. ఆ తొక్కను ముందు పలచటి ఆమ్లంలో వేస్తే సున్నం పోతుంది, తర్వాత కాస్టిక్ సోడా నీళ్ళలో వేస్తే మాంసకృత్తులు పోతాయి, మిగిలేది కైటిన్. దాన్నే ఘాటైన కాస్టిక్ సోడాలో వేడిచేస్తే కైటోసాన్ అవుతుంది. మన దేశంలో దీని తయారీ పద్ధతుల మీద చాలా ఏళ్ళు పనిచేసింది కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ, సిఫ్ట్ అంటారు, దానికి విశాఖపట్నంలో కూడా కేంద్రం ఉంది.

కైటోసాన్‌లో నాకు అన్నిటికంటే నచ్చేది దాని విద్యుదావేశం. ప్రకృతిలో దొరికే జిగుర్లలో చాలావాటికి రుణావేశమో, లేక ఏ ఆవేశమూ లేకపోవడమో ఉంటుంది. ఇది కొంచెం పులుపు తగిలితే ధనావేశం తెచ్చుకుంటుంది. మన ఎర్ర రక్తకణాల పైపొరకీ, నోట్లో, ముక్కులో, పేగుల్లో ఉండే జిగట పొరకీ రుణావేశం. అందుకే ఇది వాటిని అంటుకుంటుంది. రక్తం కారే చోట కైటోసాన్ పట్టీ అదిమితే రక్తకణాలు దానికే అతుక్కుని ముద్దకడతాయి. 2000ల మొదట్లో అమెరికా సైన్యం యుద్ధభూమికి ఇలాంటి పట్టీలు పట్టుకెళ్ళింది. 2000లో కెనడా పరిశోధకులు ఇంకో సంగతి చూపించారు: కైటోసాన్ ద్రావణంలో గ్లిసరోఫాస్ఫేట్ అనే లవణం కలిపితే అది బయట నీళ్ళలా ఉండి, ఒంటి వేడి తగిలాక జెల్‌గా గట్టిపడుతుంది. అంటే సిరంజితో ఎక్కించి, లోపల మందు నిల్వలా కూర్చోబెట్టవచ్చు. ఆ దారిలో పరిశోధన ఇంకా నడుస్తోంది, గాయాల పట్టీ మాత్రం ఇప్పటికే వాడకంలో ఉంది.

మీ చెల్లెలి సంగతి. రొయ్య అలర్జీకి ముఖ్య కారణం దాని కండలో ఉండే ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తు, తొక్కలోని కైటిన్ కాదు. బాగా శుద్ధిచేసిన కైటోసాన్‌తో రియాక్షన్లు అరుదు. అయినా శుద్ధి ఎంత బాగా జరిగిందో కంటికి కనిపించదు కాబట్టి, పంటి డాక్టరు దగ్గర, ఆపరేషన్ల దగ్గర తన అలర్జీ తప్పకుండా చెప్పమనండి. బరువు తగ్గే బిళ్ళలు ఎవరూ కొనొద్దు. వాటితో తగ్గే బరువు అతి స్వల్పమని అధ్యయనాల్లో తేలింది, రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవాళ్ళకి అవి హాని కూడా చేయవచ్చు.

మోకాళ్ళలో గుజ్జు అరిగిందని జెల్ ఇంజెక్షన్ చేయించుకోమంటున్నారు. గుజ్జు మళ్ళీ వస్తుందా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

రాదమ్మా. అది హయాలురోనిక్ ఆమ్లం. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంటి లోపలి జిగట ద్రవం నుంచి మొదట దీన్ని వేరుచేశారు, మన కీళ్ళ నీళ్ళలో కూడా సహజంగా ఉంటుంది. ఇంజెక్షన్ ఇచ్చేది కీలు సాఫీగా కదలడానికి, అరిగిన మృదులాస్థిని, అంటే మీరనే గుజ్జుని, పెంచడానికి కాదు. 2022లో బీఎంజే అనే వైద్య పత్రికలో చాలా ట్రయల్స్ కలిపి చూసిన సమీక్ష వచ్చింది, ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో పోలిస్తే దీనివల్ల అదనంగా తగ్గే నొప్పి మనిషికి తేడా తెలిసేంత లేదని అందులో తేలింది. కొందరు మాకు హాయిగా ఉందంటారు, వాళ్ళ మాట నేను కొట్టేయను. కానీ అప్పు చేసి, బంగారం కుదువపెట్టి చేయించుకోవాల్సిన వైద్యం కాదిది. ముందు తొడ కండరాలకు ఫిజియోథెరపీ, బరువు తగ్గడం, ఇవి మూడు నెలలు ఒళ్ళు వంచి చేసి చూడండి. చేయించుకోవాలనే అనుకుంటే కోడి, గుడ్డు అలర్జీ ఉందేమో ముందే చెప్పండి, కొన్ని రకాలు ఇప్పటికీ కోడిజుట్టు నుంచే వస్తాయి.

గ్లకోమాకి టిమోలాల్ చుక్కలు. పాతవి రెండు పూటలా వేసేవాణ్ణి, ఈ కొత్తవి రోజుకి ఒకసారి చాలన్నారు. వేసిన కాసేపు చూపు మసగ్గా, కన్ను జిగటగా ఉంటోంది. సీసా పాడైందా?
– ఒక పాఠకుడు, డల్లాస్

పాడవలేదు, పనిచేస్తోంది. మామూలు చుక్క కంట్లో పడిన కొద్ది నిమిషాల్లోనే కన్నీళ్ళతో కొట్టుకుపోతుంది. మీ చుక్కల్లో గెల్లాన్ లాంటి జిగురు ఉంటుంది, సీసాలో పలచగా ఉండి, కన్నీళ్ళలోని ఉప్పు తగలగానే జెల్‌గా మారి కంటిని అంటిపెట్టుకుంటుంది. అందుకే ఒక్క పూట చాలు. ఆ మసక కాసేపటికి పోతుంది, పోయేదాకా కారు నడపకండి. మూత పెట్టే ఉంచి సీసాను తలకిందులు చేసి ఒక్కసారి ఊపి వేసుకోండి. వేరే చుక్కలుంటే వాటిని ముందు వేసి, పది నిమిషాలు ఆగి, దీన్ని చివర్లో వేయండి.

మేడం, నేను ఎం.ఫార్మసీ రెండో సంవత్సరం. మెట్‌ఫార్మిన్‌తో ఆల్జినేట్ బీడ్స్ (చిన్న జెల్ గుళికలు) చేస్తున్నాను. ఎంట్రాప్‌మెంట్ (బీడ్స్ లోపల నిలిచే మందు) 30 శాతం దాటట్లేదు, ఉన్నది కూడా అరగంటకే రిలీజ్ అయిపోతోంది. పాలిమర్ (జిగురు) పెంచమంటున్నారు. సబ్మిషన్ దగ్గర పడింది, చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థి, వరంగల్

టెన్షన్ పడకు నాన్నా, నీ చేతిలో తప్పు లేదు. మందుకీ వలకీ జోడీ కుదరలేదు, అంతే.

సిరంజి నుంచి సోడియం ఆల్జినేట్ చుక్క కాల్షియం క్లోరైడ్ నీళ్ళలో పడగానే ఏమవుతుందో రోజూ చూస్తున్నావు కదా, పడీపడగానే పైన పొర కట్టి, చేపగుడ్డులా గుండ్రంగా నిలబడుతుంది. ఆల్జినేట్ గొలుసుల్లో గులురోనేట్ అనే ముక్కలు మెలికలుగా ఉంటాయి, రెండు గొలుసులు ఎదురెదురుగా వస్తే మధ్యలో కోడిగుడ్ల ట్రేలో ఉన్నట్టు గుంటలు ఏర్పడతాయి, ఒక్కో గుంటలో ఒక్కో కాల్షియం అయాన్ కూర్చుంటుంది. 1973లో ఈ నమూనాకి ఎగ్ బాక్స్ అనే పేరే పెట్టారు. వల గట్టిదే. కానీ దాని కన్నాలు కొన్ని నానోమీటర్లు, మెట్‌ఫార్మిన్ అణువు ఒక్క నానోమీటర్ కూడా ఉండదు, పైగా నీళ్ళంటే ప్రాణం పెట్టే మందు. బొచ్చెల వలతో కొడిపెలు పడితే ఎన్ని మిగులుతాయి? నువ్వు బీడ్స్‌ని గట్టిపడాలని కాల్షియం నీళ్ళలో అరగంట ఉంచుతున్నావు, ఆ అరగంటలోనే మందు ఆ నీళ్ళలోకి నడిచి వెళ్ళిపోతోంది. నమ్మకం లేకపోతే ఆ నీళ్ళే తీసి పలచబరిచి యూవీలో 233 నానోమీటర్ల దగ్గర చదువు, పోయిన మందంతా అక్కడే దొరుకుతుంది. పాలిమర్ పెంచితే కన్నాలు కొంచెం బిగుస్తాయి గానీ ఇంత చిన్న అణువుకి అది అడ్డం కాదు.

చేయగలిగినవి: గట్టిపరిచే సమయం తగ్గించి చూడు. ఆ కాల్షియం నీళ్ళలో ముందే మెట్‌ఫార్మిన్ కలిపి పెట్టు, అప్పుడు లోపలిది బయటికి రావడానికి తొందరపడదు. బీడ్స్ మీద కైటోసాన్ పూత వేయి, రుణావేశం ఉన్న ఆల్జినేట్‌ని అది పట్టుకుని పైన బిగువైన తోలు కడుతుంది. ఇంకా టైముంటే నీళ్ళలో సరిగా కరగని మందుకి మారిపోవడం మేలు. ఆల్జినేట్ నిజంగా రాణించేది మాంసకృత్తులతో, బతికున్న కణాలతో, చిన్న అణువులతో కాదు.

ఇంకో రెండు పొరపాట్లు ఏటా థీసిస్‌లలో చూస్తుంటాను, చాలా బాధేస్తుంది, ఎందుకంటే పిల్లలు నెలల తరబడి కష్టపడతారు. మొదటిది, బీడ్స్‌ని ముందు ఆమ్లంలో, తర్వాత పీహెచ్ (ఆమ్లత కొలత) 7.4 ఉన్న ఫాస్ఫేట్ బఫర్ ద్రావణంలో వేసి, బఫర్‌లో అవి విచ్చుకోగానే "పీహెచ్ వల్ల" అని రాసేస్తారు. ఆమ్లంలో ఆల్జినేట్ ముడుచుకుంటుంది, పీహెచ్ పెరిగితే ఉబ్బుతుంది, అది నిజమే. కానీ ఫాస్ఫేట్ కాల్షియంని లాగేసుకుంటుంది, ట్రేలోంచి గుడ్లు ఎత్తేసినట్టు, వల దానంతటదే ఊడిపోతుంది. పేగుల్లో నీ బఫర్ సీసాలో ఉన్నంత ఫాస్ఫేట్ ఉండదు. అదే పీహెచ్‌లో ఫాస్ఫేట్ లేని ట్రిస్ బఫర్‌తో కూడా ఒక సెట్ పెట్టు, తేడా నీకే కనిపిస్తుంది. రెండోది డైక్లోఫెనాక్ అనే నొప్పి మందుతో. ఆమ్లంలో రిలీజ్ లేదు కాబట్టి మా బీడ్ కడుపును దాటిస్తోంది అంటారు. ఆమ్లంలో డైక్లోఫెనాక్ అసలు కరగదు! బీడ్ లేకుండా ఉత్త మందు వేసినా దాదాపు అదే గ్రాఫ్ వస్తుంది. ఉత్త మందు గ్రాఫ్ పక్కన పెట్టకుండా ఏదీ నమ్మకు.

ఆల్జినేట్ డబ్బా మీది బ్యాచ్ నంబర్ కూడా రాసుకో. నాచు జాతిని బట్టి, కోసిన కాలాన్ని బట్టి గులురోనేట్ పాళ్ళు మారతాయి, కొత్త డబ్బా తెరిస్తే పాత ఫలితం రాకపోవచ్చు. సహజ పాలిమర్లతో ఫ్యాక్టరీలకు ఉన్న అసలు తలనొప్పి కూడా ఇదే: ఈ ఏడాది పంట, వచ్చే ఏడాది పంట ఒకటి కాదు, మందు మాత్రం ప్రతి బ్యాచ్ ఒకేలా ఉండాలి.

మనవాళ్ళు చేసిన మంచి పని చదవాలనుంటే లైబ్రరీలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫార్మసీ విభాగం 1990ల చివర్లో గోరుచిక్కుడు జిగురు మీద వేసిన పేపర్లు తీయి. మనం కొబ్బరి వేసి వండుకునే గోరుచిక్కుడు గింజలోని జిగురే గ్వార్ గమ్. దాన్ని మాత్రలో పెడితే కడుపులో, చిన్నపేగులో జెల్‌గా ఉబ్బి మందును కాపాడుతుంది, పెద్దపేగులోకి వెళ్ళాక అక్కడి బ్యాక్టీరియా దాన్ని తినేస్తుంది, అప్పుడు మందు బయటపడుతుంది. ల్యాబులో ఎలుక పేగులోని పదార్థం కలిపి ముందు పరీక్షించారు, తర్వాత ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు ఇచ్చి గామా కెమెరాతో మాత్ర ఎక్కడ విచ్చుకుంటోందో చూశారు. ప్రశ్న ఒక్కటే, దాన్ని చివరిదాకా తీసుకెళ్ళారు. నీ థీసిస్ చిన్నదైనా అలా నడిపించు.

మా బాబుకి తొమ్మిదేళ్ళు, టైప్ 1 షుగర్. రోజుకి నాలుగు ఇంజెక్షన్లు. నాచు జెల్‌లో కణాలు పెట్టి ఒంట్లో ఉంచితే ఇన్సులిన్ అక్కర్లేదని వీడియోలో చూశాం. ఒకాయన ఇన్సులిన్ జెల్ క్యాప్సూల్ కోర్సు ఇస్తానంటున్నాడు, ఇంజెక్షన్ ఆపేయొచ్చట. "ఎప్పుడు ఆపుతారమ్మా" అని బాబు రోజూ అడుగుతున్నాడు.
– ఒక తల్లి, అనంతపురం

ఆ క్యాప్సూల్ కొనొద్దమ్మా, ఇంజెక్షన్ ఒక్క పూట కూడా ఆపొద్దు. టైప్ 1లో ఒంట్లో ఇన్సులిన్ తయారీ దాదాపు ఉండదు, ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే పిల్లాడికి ప్రాణాపాయం. ఇన్సులిన్ మాంసకృత్తు, నోట్లో వేసుకుంటే పప్పు అరిగినట్టే అరిగిపోతుంది. జెల్‌లో చుట్టి కాపాడాలని ఆల్జినేట్, కైటోసాన్‌లతో ఎన్నో ప్రయత్నాలు జరిగాయి, జంతువుల్లో కొంత ఫలించాయి. కానీ పేగులోంచి రక్తంలోకి దాటేది చాలా తక్కువ, అదీ ఒకరోజు ఉన్నట్టు ఒకరోజు ఉండదు. ఇన్సులిన్‌కి కొంచెం ఎక్కువైనా ముప్పే, తక్కువైనా ముప్పే.

మీరు చూసిన వీడియోలోని సంగతి మాత్రం నిజమైన పరిశోధనే. 1980లో ఫ్రాంక్లిన్ లిమ్, ఆంథనీ సన్ అనే ఇద్దరు, ఇన్సులిన్ చేసే కణాల గుత్తులను ఆల్జినేట్ చుక్కల్లో మూసి, షుగర్ ఉన్న ఎలుకల్లో పెట్టారు. రెండు మూడు వారాలు వాటి షుగర్ అదుపులో ఉంది. వల కన్నాల్లోంచి చక్కెర లోపలికి వెళ్తుంది, ఇన్సులిన్ బయటికి వస్తుంది, ఆ కణాలపై దాడిచేసే రక్షణ కణాలు మాత్రం పెద్దవి, లోపల దూరలేవు. అంత చక్కటి ఆలోచన నలభై ఏళ్ళు దాటినా ఇంకా మామూలు వైద్యంగా మీ ఊరి ఆస్పత్రికి ఎందుకు రాలేదంటే, మన ఒళ్ళు ఆ చుక్కలను పరాయివిగా చూసి చుట్టూ మచ్చ కణజాలం కట్టేస్తుంది, లోపలి కణాలకు ఊపిరాడదు. 2016లో అమెరికాలో ఎంఐటీ వాళ్ళు ఆల్జినేట్‌నే రసాయనికంగా మార్చి, మచ్చ కట్టకుండా చేసి, మానవ మూలకణాల నుంచి పెంచిన కణాలను అందులో మూసి, ఎలుకల్లో 174 రోజులు షుగర్ అదుపులో ఉంచగలిగారు. ఎలుకల్లోనే. మనిషికి ఏళ్ళ తరబడి పనిచేసేలా చేయడమే ఇప్పుడు మిగిలిన కష్టం.

ప్రస్తుతానికి నొప్పి తగ్గించే మార్గాలున్నాయి. పెన్ను వాడుతుంటే 4 మిల్లీమీటర్ల సన్న సూదులు అడగండి. పొట్ట, తొడ, పిరుదు మార్చి మార్చి వేయండి, ఒకేచోట వేస్తే అక్కడ గడ్డకట్టి ఇన్సులిన్ సరిగా ఎక్కదు. వాడుతున్న పెన్ను గది చల్లదనంలో ఉంటే చాలు, ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా వేస్తేనే మంట ఎక్కువ. వాంతులు, కడుపునొప్పి, ఆయాసంగా బరువైన ఊపిరి, నోట్లో పళ్ళ వాసన ఉంటే అర్ధరాత్రైనా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

బాబు అడిగినప్పుడు తేదీ చెప్పకండి. నాచు జెల్ చుక్కల బొమ్మ ఒకటి కాగితం మీద గీసి చూపించండి, లోపల కణం, చుట్టూ వల, చక్కెర లోపలికి, ఇన్సులిన్ బయటికి. ఇది చాలామంది కూర్చుని చేస్తున్నారని, ఇంకా అవలేదని చెప్పండి. తొమ్మిదేళ్ళ పిల్లాడికి అర్థమవుతుంది. వాడికి ఇంకా ఏమైనా అడగాలనిపిస్తే వాడి చేత్తోనే రాసి పంపమనండి, వచ్చే నెల మొదటి జవాబు వాడికే.